ఎర్ర గీత దాకా

పళ్ళ డాక్టరు తన కారు గురించి పేషెంట్లకి చెప్పడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ముందు కుర్చీ వెనక్కి వాలుస్తాడు. నోరు తెరవమంటాడు. ఉమ్ము లాగే గొట్టం పెదవికి తగిలిస్తాడు. రెండు బుగ్గల్లోనూ దూది కుక్కుతాడు. అప్పుడు మొదలుపెడతాడు.

"ఆరు సిలిండర్లండీ. ఆరూ ఒకే వరసలో. మీ కింది పళ్ళలాగా ఒకదాని మీద ఒకటి ఎక్కి కాదు. జర్మనీవాడు స్కేలు పెట్టి గీసినట్టు పెట్టాడు."

"ఆఁ," అంటాడు పేషెంటు.

"గేర్లు చేత్తో వేసుకోవాల్సిందే. అందరూ ఆటోమేటిక్ అనుకుంటారు. కాదు."

"ఆఁ, ఆఁ."

అది నొప్పో, ఆశ్చర్యమో తేల్చుకునే పని డాక్టరు ఎప్పుడూ పెట్టుకోలేదు. ఇంట్లో ఈ కథ మొదలుపెడితే ఎవరి పని వాళ్ళకి గుర్తొస్తుంది. క్లినిక్‌లో అలా కాదు, రోజూ నిండు సభే. ఒక్కరూ మధ్యలో లేచి వెళ్ళరు, ఒక్కరూ ఎదురు మాట్లాడరు. ఒకాయన పన్ను పీకించుకుందామని వచ్చి, వాటర్ పంపు మార్చిన ఘట్టం పూర్తయ్యేలోపల మత్తు దిగిపోయి, మళ్ళీ ఇంజెక్షన్ చేయించుకున్నాడని నర్సు బయట చెప్పుకుంటుంది. డాక్టరు ఈ ఆరోపణని గట్టిగా ఖండిస్తాడు. అది వాటర్ పంపు కాదు, థర్మోస్టాట్ అంటాడు.

అలాగని ఊరికే గొప్పలు పోయే మనిషి కాదు. గొప్ప ఉంది, పోతున్నాడు. ఆ కారు ఇంటికొచ్చిన రోజు దాని అవతారం చూసినవాళ్ళెవరైనా ఆ మాట ఒప్పుకుంటారు. లారీ మీద పడుకుని వచ్చింది. రెండే తలుపులు, నేలకి ఆనినట్టుండే ఒళ్ళు. వయసులో ఉన్నప్పుడు రోడ్డు మీద దాన్ని దాటిన మొనగాడు లేడట. వచ్చేనాటికి మాత్రం లోపలి కప్పు గుడ్డ ఊడి, కూర్చున్నవాళ్ళ నెత్తి మీద తడి తువ్వాల్లా వేలాడుతోంది. అద్దం దించితే తలుపులో పడిపోతోంది, పిలిస్తే పలకడం లేదు. గాలి వడగట్టే డబ్బాలో ఒక ఎలుక పిల్లాపాపలతో కాపురం పెట్టింది. ఇంజన్‌ని చల్లబరిచే ప్లాస్టిక్ గొట్టాలు ముట్టుకుంటే బిస్కట్లలా విరిగి చేతిలోకొచ్చాయి.

డాక్టరు దాన్ని మొత్తం విప్పాడు. చేతులకి గ్లవ్స్, మొహానికి మాస్కు, నుదుటికి క్లినిక్ లైటు. ఇంజన్ వెనక చెయ్యి దూరని చోట ఉన్న బోల్టుల్ని నోట్లో పెట్టే అద్దంతో చూశాడు. పాత గ్యాస్కెట్ అంటుకుపోయిన చోట్ల గార తీసే పరికరంతో గీకాడు. విప్పిన ప్రతి నట్టునీ పళ్ళ సెట్లు పెట్టే చిన్న డబ్బాల్లో వేసి, పైన తనకి తెలిసిన భాషలో రాసుకున్నాడు. పై దవడ, ఎడమ. కింది దవడ, కుడి. జ్ఞానదంతం పక్కన. తిరిగి బిగించేటప్పుడు ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం పేషెంటు నోట్లోంచి చెయ్యి తీసి, కాసేపు ఆగుతాడు. మెచ్చుకోవడానికి వీలుగా.

ఈ మరమ్మతు జరిగినన్నాళ్ళూ కారు వెనక సీటు హాల్లో సోఫా పక్కన ఉండేది. దాని మీదికి అత్తగారు చేరింది. తోలు సీటు, జర్మనీవాడు నడుం ఎక్కడ వంగుతుందో కొలిచి కుట్టినది. సీటు తిరిగి కార్లోకి వెళ్ళాల్సిన రోజు వచ్చేసరికి ఆవిడ లేవనంది.

"అల్లుడుగారూ, డాక్టర్లు మార్చినా తగ్గని నడుం నొప్పి దీని మీద కూర్చున్నాకే తగ్గింది. మీరు ఇంకోటి కొనుక్కోండి."

"ఇంకోటి దొరకదండీ. కారుతోపాటు పుట్టిన సీటు."

"అయితే నేనూ దాంతోనే వస్తాను."

మాట మీద నిలబడే మనిషి. సీటు కార్లోకి వెళ్ళిన మర్నాటినుంచి మధ్యాహ్నం భోజనం కాగానే షెడ్డులోకి వెళ్ళి, ముందు సీటు వంచి, ఆ సందులోంచి వెనక్కి దూరి, పేపరు చదువుకుంటూ కునుకు తీసి వస్తోంది. చెప్పులు బయట విడవాలన్న ఒక్క షరతు మీద డాక్టరు ఒప్పుకున్నాడు.

ఆ ఇంట్లో వస్తువులకి మర్యాద ఎక్కువ. టీవీ రిమోటు ప్లాస్టిక్ కవరులోనే ఉంటుంది, బటన్లు బయటివాళ్ళకి కనిపించవు. ఫ్రిజ్జు తలుపు మీద షాపువాడు అంటించిన పల్చటి పొర ఇప్పటికీ తియ్యలేదు. తీస్తే పాతదైపోతుంది. అద్దాల బీరువాలో బంగారు అంచు కప్పులున్నాయి, వాటిలో కాఫీ తాగే స్థాయి ఉన్న చుట్టం ఇంకా ఈ ఇంటికి రాలేదు. కారు కూడా ఈ కుటుంబంలో పడిందే కాబట్టి, దాని కాళ్ళ దగ్గర తివాచీ, తివాచీ మీద రబ్బరు మ్యాటు, మ్యాటు మీద కవరు, కవరు మీద పాత పేపర్లు. డాక్టరు క్లినిక్‌కి స్కూటరు మీద వెళ్తాడు. వానొస్తే తడుస్తూ వెళ్తాడు.

"కారుందిగా?" అంటే, "వానలోనా?" అంటాడు, పసిపిల్లని పంపమన్నట్టు చూసి.

ఆదివారం పొద్దున ఒక్కసారి కారు బయటికి తీస్తాడు. వీధి చివర మలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిప్పుకుని వచ్చేస్తాడు. రెండో గేరు దాటదు. ఇంజన్ తిరుగుడు చూపించే మీటరు మీద ముల్లు మూడు వేలు దాటదు. అక్కణ్ణించి, ఇంతకుమించి తిరగకూడదని చివర గీసిన ఎర్ర గీత దాకా ఉన్న జాగా అంతా కొత్తగా, వాడకుండా అలాగే ఉంచాడు.

ఈ ఆదివారం ఊరేగింపు తోడల్లుడి కంట పడింది. డాక్టరు భార్య అక్కగారి భర్త. ఆయన కొత్తగా కొన్న కారు మేడంత ఎత్తుంటుంది, దానికి నోరు కూడా ఉంది. తలుపు తీస్తే పలకరిస్తుంది, బెల్టు పెట్టుకోకపోతే తిడుతుంది.

"ఏం తమ్ముడూ, నీ జర్మనీ ఎంత స్పీడు పోతుంది?"

"మీటరు మీద ఉందిగా అన్నగారూ. చూడండి."

"మీటరు మీద సరే. రోడ్డు మీద?"

"అవసరం పడలేదు."

"పడింది. ఇందాక పేపర్లు వేసే సైకిలు నిన్ను దాటిపోయింది. చూశాను."

"నేనే దారిచ్చాను."

"సైకిలుకా?"

"తొందరలో ఉన్నాడు పాపం."

లోపల్నించి కాఫీ తెస్తున్న డాక్టరు భార్య నవ్వాపుకోలేక సాసర్లో సగం ఒలకబోసింది. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. తన చిన్న కార్లో పెద్ద రోడ్డు మీద రోజూ బడికి వెళ్ళొస్తుంది, రోజూ ఆలస్యంగా బయల్దేరుతుంది, ఒక్క రోజూ ఆలస్యంగా చేరదు. జర్మన్ కారు తాళం మాత్రం ఆవిడ చేతికి ఎప్పుడూ రాలేదు. అడిగితే, "దాని క్లచ్చు నీకు అలవాటు లేదు," అంటాడు. అలవాటు కావాలంటే ఇవ్వాలి కదా అన్నది ఆవిడ లెక్క. ఆ లెక్క ఇప్పటిదాకా తేలలేదు.

ఇలా ఉండగా కారుని పరీక్షకి తెమ్మని పిలుపొచ్చింది. ఆ వయసు కార్లన్నిటికీ బ్రేకులు, లైట్లు, పొగ చూసి, రోడ్డు మీద తిరగొచ్చో లేదో చెప్తారు. మిగతావాళ్ళకి ఆ పిలుపు పీడ. డాక్టరుకి సన్మానం. ఇన్నాళ్ళకి చదువుకున్నవాడొకడు కారు కిందికి దూరి చూడబోతున్నాడు! రెండు రోజులపాటు వెల్లకిలా పడుకుని కారు అడుగుభాగం టూత్ బ్రష్షుతో తోమాడు. పరీక్ష రోజు క్లినిక్ మూసేసి, తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళాడు.

బ్రేకులు భేషుగ్గా ఉన్నాయన్నారు. లైట్లు సరేనన్నారు. కారుని పైకెత్తి ఇన్స్పెక్టరు కింద టార్చి వేసి చూస్తుంటే, డాక్టరు పక్కనే నడుస్తూ, "ఇది కొత్త బుష్షండీ. ఇదీ కొత్తదే. ఇక్కడ పాతది ఎలా ఉండేదంటే," అని అందుకున్నాడు. ఇన్స్పెక్టరు నోట్లో దూది లేదు కనుక, "కొంచెం పక్కకి జరుగుతారా?" అన్నాడు.

చివర పొగ. వెనక గొట్టంలో కొలిచే పుల్ల పెట్టి, ఇన్స్పెక్టరు సీట్లో కూర్చుని యాక్సిలరేటరు మీద కాలు వేశాడు.

"మూడు వేలు దాటించకండి సార్!" డాక్టరు కిటికీ పట్టుకున్నాడు.

"పరీక్ష మొదలయ్యేదే అక్కడండీ."

కారు ఒక దగ్గు దగ్గింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఇన్నాళ్ళుగా కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారిగా కక్కింది. నల్లటి పొగ షెడ్డంతా కమ్మి, అది విడిపోయాక చూస్తే, డాక్టరు తెల్ల చొక్కా తెల్లగా లేదు.

ఇన్స్పెక్టరు కాగితం చింపి ఇచ్చాడు. "పొగలో ఫెయిలండీ. వచ్చే సోమవారం ఇంకొక్కసారి తీసుకురావచ్చు. అప్పుడూ ఇంతే అయితే నంబరు రద్దు చేస్తారు. ఆపైన దీన్ని రోడ్డెక్కించడానికి లేదు. తుక్కు కిందే లెక్క."

"తుక్కా?"

"రూలండీ," అన్నాడు ఇన్స్పెక్టరు. తిట్టడానికి కూడా వీలు లేనంత మర్యాదగా అన్నాడు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. "పాసయ్యామా అల్లుడుగారూ?"

"ఒక సబ్జెక్టు ఉండిపోయిందండీ."

"ఏ సబ్జెక్టు?" లోపల్నించి టీచరు గొంతు.

"పొగ," అని, చొక్కా విప్పి సబ్బు నీళ్ళలో పడేశాడు.

ఆ వారమంతా షెడ్డులో దీపం ఆరలేదు. ప్లగ్గులు తీస్తే బొగ్గుల్లా ఉన్నాయి. కొత్తవి వేశాడు. పొగలో గాలి ఎంతుందో చూసే సెన్సరు మార్చాడు. ఫిల్టరు మార్చాడు. స్టార్ట్ చేసి వెనక గొట్టానికి తెల్ల చేతిరుమాలు అడ్డం పెట్టి చూశాడు. నల్లగా వచ్చింది. చేతిరుమాలు మార్చాడు. అదీ నల్లగానే వచ్చింది.

ఇదే కారున్న పిచ్చివాళ్ళందరూ కలిసి ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారు. డాక్టరు అందులో ప్లగ్గు ఫొటో పెట్టి, ఏం మార్చమంటారని అడిగాడు. ఎవరూ ఏ పార్టూ చెప్పలేదు. "నడుపు," అన్నాడొకడు. "నడుపు నాయనా," అన్నాడింకొకడు. "బాగా వేడెక్కనిచ్చి ఎర్ర గీత దాకా తొక్కు, మసి అంతా కాలిపోతుంది," అన్నాడు మూడోవాడు. "అసలు నీ దగ్గరున్నది కారా, కారు ఫొటోనా?" అని నాలుగోవాడు అడిగేసరికి, వీళ్ళకి సంస్కారం లేదని తేల్చి, డాక్టరు ఫోను ఫ్రిజ్జు మీద పడేసి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

వాళ్ళు చెప్పింది ఆయనకి తెలియనిది కాదు. చల్లటి ఇంజన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, కాలకుండా మిగిలింది మసిగా పేరుకుంటుంది. వీధి చివరికి వెళ్ళొచ్చేలోపల అది వేడెక్కేదెప్పుడు? ఆ మసి పోవాలంటే ఒళ్ళు కాగేలా పరిగెత్తాలి. కారు పుస్తకంలో ఈ విషయం ఒక పేజీ ఉంది. ఆ పేజీ వచ్చినప్పుడల్లా గబుక్కున తిప్పేస్తాడు.

శనివారం సాయంత్రం భార్య షెడ్డులోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏమండీ, ఫ్రిజ్జు మీద ఎవరో మిమ్మల్ని తిడుతున్నారు. చాలామంది."

"వాళ్ళకేం తెలుసు?"

"నడిపితే పోతుందట కదా."

"పోతుంది. మసి కాదు, ఇంజన్."

"ఎందుకు పోతుంది? అది పరిగెత్తడానికి పుట్టిందని మీరేగా ఊరందరి నోళ్ళూ తెరిపించి మరీ చెప్తున్నారు."

డాక్టరు చేతిలోని స్పానరు తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది. మళ్ళీ తుడిచాడు.

"లోపల బిగించిందంతా నేనే," అన్నాడు చివరికి.

"అదీ చెప్పారు. అందరికీ."

"చెప్పడం వేరే." స్పానరు కింద పెట్టాడు. "అందులో ఫ్యాక్టరీవాడు బిగించింది ఏదీ మిగల్లేదే. ఇంజన్ హెడ్డు దింపింది నేను, ఎక్కించింది నేను. పళ్ళు కట్టేవాణ్ణి. మెల్లగా తిరిగినంతసేపూ బాగానే ఉంటుంది. అంత జోరు మీద ఎక్కడో ఒక బోల్టు ఒప్పుకోలేదనుకో. ఒక్కటి చాలు. లోపలికి లోపలే నుగ్గు నుగ్గు. నేను కట్టిన పన్ను ఊడితే పేషెంటు తిట్టుకుంటూ అయినా మళ్ళీ వస్తాడు. ఇది రాదు."

ఇన్నాళ్ళూ ఆయన కారుని దాచుకుంటున్నాడనే టీచరు అనుకుంది. ఆ ఇంట్లో దాచుకోవడం ఎవరూ ప్రశ్నించే విషయం కాదు కాబట్టి, దాని వెనక భయం ఉందన్న అనుమానం ఎవరికీ రాలేదు. జాలి పడవలసిన చోటే అది. జాలి రావడానికి బదులు ఆవిడకి కోపం వచ్చింది.

"హెడ్డు బోల్టులు మీరొక్కరే బిగించారా?"

డాక్టరు తలెత్తాడు.

సిలిండర్ల మీద మూతలా కూర్చునే ఆ హెడ్డుని పట్టి ఉంచే బోల్టులకి ఒక పద్ధతుంది. ముందు కొంత బిగించి, ఆపైన బలం లెక్క కాకుండా కోణం లెక్క మీద తిప్పాలి. పావు చుట్టు, మళ్ళీ ఇంకో పావు చుట్టు. ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. మొదలుపెట్టడం మధ్యలోంచి, పోవడం చివరలకి. ఆ రోజు డాక్టరు దగ్గర కోణం కొలిచేది లేకపోతే, టీచరు స్కూల్లో నల్లబల్ల మీద వాడే పెద్ద చెక్క కోణమానిని తెచ్చి, ఇంజన్ మీద పట్టుకుని నిలబడింది. "ఎనభై. ఎనభై అయిదు. ఆపండి. ఆపండన్నానా లేదా? వెనక బెంచీవాడిలా చేస్తారేంటి?" అంటూ ఒక్కో బోల్టుకీ పాఠం చెప్పింది. పేషెంట్లకి చెప్పే కథలో ఈ ఘట్టం లేదు. దూది ఉండే సమయం సరిపోక వదిలేస్తుంటాడు.

"నా కోణం తప్పంటున్నారా?"

"ఛ, అలా అన్నానా?"

"మరి? తిప్పింది మీరు, కొలిచింది నేను. ప్రతి బోల్టూ సగం మీది, సగం నాది. మీ సగం మీద మీకు నమ్మకం లేకపోతే మీ ఇష్టం. నా సగాన్ని తుక్కులో వెయ్యడానికి నేనొప్పుకోను." లేచి స్టూలు పక్కకి జరిపింది. "పొద్దున్నే వెళ్తున్నాం."

పొద్దున్న డాక్టరు షెడ్డు తలుపు తీసేసరికి వెనక సీట్లో అత్తగారు సిద్ధంగా ఉంది. తల దువ్వుకుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని.

"మీరెందుకండీ?"

"సీటు వెళ్తోంది కదా. నేనెక్కడ కూర్చోను?"

టీచరు వంగి, కాళ్ళ దగ్గరి పేపర్లూ కవర్లూ చుట్టచుట్టి బయట పడేసింది. డాక్టరు వాటికేసి ఒకసారి చూసి, స్టీరింగు ముందు కూర్చున్నాడు.

పెద్ద రోడ్డు దాకా ఆయనే నడిపాడు. ఆదివారం కాబట్టి ఖాళీగా ఉంది. వేడి చూపించే ముల్లు మధ్యకి వచ్చేదాకా నెమ్మదిగా పోనిచ్చి, గట్టిగా ఊపిరి పీల్చుకుని కాలు నొక్కాడు. తిరుగుడు ముల్లు మూడు దగ్గరికి వచ్చింది. కాలు లేచింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ లేచింది.

"ఏమైంది?"

"నేను తియ్యట్లేదే. అదే వచ్చేస్తోంది."

వెనక లారీ ఒకటి హారను మీదే ఉండిపోయింది.

"అల్లుడుగారూ," అంది అత్తగారు వెనక్కి తిరిగి చూసి, "లారీ అబ్బాయి మిమ్మల్ని ఏదో అంటున్నాడు. అద్దాలు మూసి ఉండబట్టి సరిపోయింది."

"పక్కకి ఆపండి," అంది టీచరు. "దిగండి."

డాక్టరు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, పక్క సీట్లో కూర్చున్నాడు. కారు కదులుతున్నప్పుడు ఆ సీట్లో కూర్చోవడం ఆయనకిదే మొదలు. అటునించి చూస్తే కారు వేరేవాళ్ళదిలా ఉంది. టీచరు సీటు ముందుకి లాక్కుంది, అద్దం తిప్పుకుంది, ఆయన ఏళ్ళ తరబడి వెంట్రుకవాసి సవరించుకున్నదంతా రెండు నిమిషాల్లో చెడగొట్టింది.

"చూడండి. బోర్డు మీద ఎంత స్పీడు రాసుంటే అంతే వెళ్తాను. దానిమీద ఒక్క గీత కూడా పోను. గేరు మాత్రం రెండోదే. మార్చను. తిరుగుడంతా ఇంజనే తిరగాలి."

"క్లచ్చు—"

అప్పటికే వదిలింది. మెత్తగా, తుళ్ళకుండా వదిలింది.

ముల్లు మూడు దాటింది. డాక్టరు రెండు చేతులూ డాష్‌బోర్డు మీద ఆనించాడు, పడిపోతే పట్టుకుందామన్నట్టు. నాలుగు. ఇంజన్ గొంతు మారింది. అంతవరకూ గొణుక్కుంటున్నది నోరు విప్పి మాట్లాడింది. వెనక నల్లటి మబ్బు లేచింది.

"లారీ కనపడట్లేదే," అంది అత్తగారు. "ఉన్నాడో, లేడో."

అయిదు. డాక్టరు కళ్ళు మూసుకున్నాడు. పై దవడ ఎడమ. పై దవడ కుడి. ఒక్కొక్క బోల్టూ ఎక్కడుందో, దాని తల ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. వాటన్నిటినీ పేరు పేరునా బతిమాలుకున్నాడు. సీటు వీపుని ముందుకి తోసింది. ఎక్కడైనా టక్కుమంటుందేమోనని ప్రాణమంతా చెవుల్లో పెట్టుకుని విన్నాడు.

టక్కుమనలేదు. ఆరు సిలిండర్లూ ఒక్క గొంతుతో పాడుతున్నాయి. కళ్ళు తెరిచి చూస్తే ముల్లు ఎర్ర గీత మీద ఉంది. వేడి ముల్లు నడిమధ్య నుంచి ఇంచు కూడా కదల్లేదు.

"విన్నారా?" అంది టీచరు.

"ఆఁ," అన్నాడు డాక్టరు. నోరు తెరిచి ఉంది. మూసుకోమని చెప్పేవాళ్ళెవరూ లేరు.

ఆవిడ వేగం తగ్గించి మళ్ళీ తొక్కింది. ఇంకోసారి తొక్కింది. ప్రతిసారీ వెనక మబ్బు పల్చబడుతూ వచ్చి, చివరికి లారీ బయటపడింది. చాలా దూరంలో, చాలా మర్యాదగా వస్తోంది.

"ఇంతకాలం ఇది మనింట్లోనే ఉందా!" అంది అత్తగారు. "నిద్రపోయానే దీంట్లో!"

తిరిగి వచ్చేటప్పుడు డాక్టరు అడిగి మరీ తాళం తీసుకున్నాడు. అవును, తన కారు తాళం తనే అడిగాడు. ఈసారి కాలు లేవలేదు. ఎర్ర గీత మీద ముల్లుని ఆనించి, ఆ మోత చెవుల నిండా పోసుకుని, తెలియకుండానే బయటికి అనేశాడు.

"నేనే బిగించానే దీన్ని!"

అందరికీ వందసార్లు చెప్పిన మాటే. ఆయన నమ్మడం మాత్రం అదే మొదటిసారి.

సోమవారం పరీక్ష దగ్గరికి వెళ్ళేసరికి మాట్లాడే కారుతో సహా తోడల్లుడు వచ్చి ఉన్నాడు.

"మీరెందుకు శ్రమపడ్డారన్నగారూ?"

"మిమ్మల్ని ఇంటికి దింపొద్దూ? తుక్కువాళ్ళు బండి తీసుకుపోతే నడిచిపోతారా? మరదలు పిల్ల కాళ్ళు నొప్పెట్టవూ?"

"బావగారూ, మీరు అలా నీడన నిలబడండి," అంది టీచరు. "మీ కారు మీకేదో చెప్తోంది. తలుపు సరిగ్గా వెయ్యలేదట."

ఇన్స్పెక్టరు గొట్టంలో పుల్ల పెట్టాడు. సీట్లో కూర్చున్నాడు. ముల్లు మూడు వేల దగ్గర నిలబెట్టాడు. డాక్టరు కిటికీలోంచి వంగాడు.

"ఇంకా తొక్కండి సార్."

"చాలండీ. ఇక్కడికి చాలు."

"మొహమాటపడకండి. పైన ఇంకా బాగుంటుంది."

ఇన్స్పెక్టరు మిషను చూశాడు. వెనక్కి వెళ్ళి పుల్ల సరిగ్గా ఉందో లేదో చూశాడు. మళ్ళీ మిషను చూశాడు. ముందుకొచ్చి బానెట్ ఎత్తాడు. వంగి లోపలికి చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు. టార్చి ఒక చివర్నించి ఇంకో చివరికి మెల్లగా నడిచింది. పరీక్షలో ఆ భాగం లేదు.

"పాసండీ. కొత్తవాటికి కూడా ఇంత శుభ్రంగా రావట్లేదు." ఇంకా వంగే ఉన్నాడు. "ఏ గరాజులో చేయించారు?"

ఈ ప్రశ్న కోసం డాక్టరు ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. అడగని వాళ్ళందరికీ జవాబు చెప్పాడు. అడిగినవాడు నిజంగా దొరికేసరికి భార్యవైపు తిరిగాడు.

"ఇంట్లోనేనండీ," అంది టీచరు. "ఈయనే చేశారు."

"మీరా? ఏం చేస్తుంటారు?"

"పళ్ళ డాక్టర్నండీ," అన్నాడు డాక్టరు. ఆపైన నిటారుగా నిలబడి, "బిగించింది నేను. కోణం మా ఆవిడది," అన్నాడు.

ఇన్స్పెక్టరుకి అర్థం కాలేదు. అర్థం కాలేదని మొహంలో తెలిసిపోయింది. అంతకన్నా డాక్టరుకి కావాల్సిందేముంది? బానెట్ అంచు మీద చెయ్యేసి, హెడ్డు బోల్టుల దగ్గర మొదలుపెట్టాడు. ఈసారి టీచరుని వదల్లేదు. నల్లబల్ల, కోణమానిని, ఎనభై, ఎనభై అయిదు, వెనక బెంచీ, అన్నీ చెప్పాడు. ఇన్స్పెక్టరు పక్క వరసలోని ఇంకో ఇన్స్పెక్టర్ని కూడా పిలిచాడు. తోడల్లుడు నీడలోంచి వచ్చి, కాళ్ళ వేళ్ళ మీద నిలబడి, వాళ్ళ భుజాల మీంచి తొంగి చూశాడు.

వెనక వరసలో ఆగిన కార్లవాళ్ళు హారన్లు మొదలుపెట్టారు. డాక్టరు వాళ్ళవైపు తిరిగి, వినయంగా తల వంచి, మళ్ళీ అందుకున్నాడు. హారన్లు పెరిగాయి. అన్నిట్లోకీ గట్టిగా మోగుతున్నది మాత్రం ఆయన చెవి పక్కనే ఉంది. చూస్తే, ఎప్పుడెక్కిందో, తమ కార్లోనే స్టీరింగు ముందు టీచరు, బడికి టైమైపోతోందని, అరచెయ్యి హారను మీదినుంచి తియ్యడం లేదు.

డాక్టరు మాట ఆపాడు. ఒక్క క్షణం చెవి ఒగ్గి విన్నాడు.

"వింటున్నారా?" అన్నాడు ఇన్స్పెక్టర్లతో. "ఆ హారను కూడా నేనే విప్పి బిగించాను."